పశువు లేని పచ్చిక

లాన్ అంటే నాకు కోపం. ఈ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేస్తే, చదవాలో వద్దో మీరు తేల్చుకోవచ్చు. కోప్పడే అర్హత ఉందా అంటే, ఉంది. రెండు వసంతాలు మిన్నెసోటాలో మా అన్నయ్య ఇంటి ముందు గడ్డి కోశాను. ఇప్పుడు తల్లాడ దాటాక ఏన్కూరు దగ్గర, డాబా ఎక్కితే అడవి కనిపించే మా ఊళ్ళో, అదే అన్నయ్య కట్టించిన ఇంటి ముందు అయిదు గుంటల లాన్‌కి కాపలా ఉంటున్నాను. అంచేత ఇది ముందు పనివాడి కోపం. ఆలోచనలు తర్వాత వచ్చి చేరాయి.

మిన్నెసోటా సంగతి ముందు చెప్తాను. అక్కడ మంచు ఒక్కోసారి ఏప్రిల్ దాకా కదలదు. అది కరిగాక కింద గడ్డి పాత గొంగడిలా కనిపిస్తుంది. అక్కడక్కడా బూజు పట్టిన గుండ్రటి మచ్చలు. నేల ఆరేదాకా దాని మీద కాలు పెట్టకూడదు. పెడితే మట్టి అణిగిపోయి వేళ్ళకి గాలి ఆడదు. ఆరాక రేక్ పట్టుకుని మెల్లగా దువ్వాలి, తల దువ్వినట్టు. తర్వాత ఫోర్సితియా అనే పొద కోసం ఎదురుచూడాలి. దానికి పచ్చగా పూలు విచ్చుకున్నాయంటే నేల వెచ్చబడుతోందని గుర్తు. మట్టి వేడి పదమూడు డిగ్రీలకి చేరి నాలుగు రోజులు నిలిస్తే క్రాబ్‌గ్రాస్ అనే కలుపు మొలకెత్తుతుంది. ఆ మొలక రాకముందే మందు చల్లెయ్యాలి. అంటే ఇంకా పుట్టని గడ్డి మీద యుద్ధం.

ఆ తర్వాత మొదటి కోత. మూడంగుళాల ఎత్తు వదలాలి. ఒక్కసారికి పరకలో మూడో వంతు మించి కొయ్యకూడదు. బ్లేడు పదునుగా లేకపోతే కొస చీలిపోయి రెండు రోజుల్లో తెల్లబడుతుంది. శనివారం పొద్దున్న తొమ్మిది కాగానే వీధి వీధంతా మిషన్ల మోత. కోసిన గడ్డి వాసన బాగుంటుంది, అబద్ధమెందుకు. గాయపడ్డ ఆకు గాలిలోకి వదిలే రసాయనాల వాసన అది అని తర్వాత చదివాను. చదివాక కూడా బాగానే ఉంది.

ఒక మే నెలలో అన్నయ్యా వదినా రెండు వారాలు ఊళ్ళో లేరు. నేను బద్ధకించాను. వానలు పడ్డాయి, గడ్డి లేచింది, డాండెలయన్లు పూశాయి. నిజానికి అంత అందంగా ఆ వాకిలి ఎప్పుడూ లేదు. కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది, ఫలానా తేదీలోపల కొయ్యకపోతే జరిమానా అని. అన్నయ్య వచ్చి ఉత్తరం చూసి అరవలేదు. ప్రయాణం బట్టలు కూడా విప్పకుండా మిషన్ బయటికి లాగాడు. కోసేశాక మెట్ల మీద కూర్చుని ఒక్క మాట అన్నాడు: "మన ఇంటి ముందు గడ్డి పెరిగితే గడ్డి పెరిగిందనరు రా. ఇండియన్స్ ఇల్లు అంటారు."

ఆ మాట నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. అర్థమైంది ఎక్కడంటే, లెవిట్‌టౌన్ గురించి చదివినప్పుడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1947లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో మొదలైన కాలనీ అది. ఒకే రకం ఇళ్ళు వేలకి వేలు. అమెరికన్ సబర్బ్‌కి అచ్చు అక్కడ తయారైంది. అక్కడ వారానికి ఒకసారి గడ్డి కోసి తీరాలని నియమం ఉండేది. తెల్లవాళ్ళు కాని వాళ్ళు ఉండకూడదని కూడా ఒక నియమం ఉండేది. రెండో నియమం కోర్టుల దెబ్బకి, ఉద్యమాల దెబ్బకి పోయింది. మొదటిది ఊరూరికీ పాకింది. మా అన్నయ్యకి ఈ చరిత్ర తెలియదు. కానీ మెట్ల మీద కూర్చుని అన్న ఆ మాటలో రెండు నియమాలూ ఉన్నాయి. ఎవరు ఉండొచ్చో తేల్చే కొలబద్ద గడ్డి ఎత్తులోకి మారిపోయిందని వాడి ఒంటికి తెలుసు.

అందుకే చలిదేశాల్లో లాన్ కోసుకునే మన వాళ్ళని నేను వెక్కిరించను. అక్కడి చల్లటి నేలకి ఆ గడ్డి సరిపోతుంది. వాన పడుతుంది, పిల్లలు దొర్లుతారు. అక్కడ కూడా దానికి లెక్క పెద్దదే. 2005లో వచ్చిన ఒక అధ్యయనం ఉపగ్రహ చిత్రాల సాయంతో అమెరికాలో గడ్డి పరిచిన నేల సుమారు లక్షా అరవై వేల చదరపు కిలోమీటర్లని అంచనా కట్టింది. తెలంగాణ మొత్తం వైశాల్యం లక్షా పన్నెండు వేలు. అంటే మన రాష్ట్రమంతా, ఊళ్ళూ చెరువులూ అడవులూ బొగ్గు గనులూ అన్నీ తీసేసి గడ్డి పరిచినా ఇంకా చాలదు. అయితే వాళ్ళు కూడా వెనక్కి తగ్గుతున్నారు. నెవాడా 2021లో చట్టం చేసింది, కొలరాడో నది నీళ్ళు ఊరికే చూడ్డానికి పెంచే గడ్డికి పొయ్యడానికి వీల్లేదని. ఇంగ్లండులో 2019 నుంచి మే నెలలో గడ్డి కొయ్యకండి అని ప్రచారం నడుస్తోంది. వాళ్ళు వదిలించుకోవాలని చూస్తున్నది మనం వెతుక్కుని మరీ తెచ్చుకుంటున్నాం. నా పేచీ అక్కడ.

లాన్ అంటే ఏమిటి? మనం దాన్ని పచ్చిక అని అనువదించుకుంటున్నాం. ఇది తప్పు అనువాదం. మన భాషలో పచ్చిక బయలు అంటే ఆవులు మేసే చోటు. ఆ మాటలోనే పశువు ఉంది. ఒకప్పుడు ఇంగ్లిష్ జమీందార్ల లాన్లలో కూడా గొర్రెలు ఉండేవి. గొర్రెలు లేనిచోట కొడవళ్ళతో కూలీలు. 1830లో ఎడ్విన్ బడింగ్ అనే ఆయన, మిల్లులో బట్ట మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి, అలాంటిదే గడ్డికి తయారుచేశాడు. అక్కడి నుంచి పశువు అవసరం తీరిపోయింది. (మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ప్రెసిడెంట్ విల్సన్ వైట్ హౌస్ లాన్ మీద మళ్ళీ గొర్రెల్ని మేపించాడు. ఉన్ని వేలం వేసి ఆ డబ్బు రెడ్‌క్రాస్‌కి ఇచ్చారు. ఆ ఇంటి లాన్ మీద జరిగిన పనికొచ్చే పని నాకు తెలిసి అదొక్కటే.) కాబట్టి లాన్ అంటే పూత పూయడానికీ, గింజ కట్టడానికీ, ఎవరి కడుపులోకైనా వెళ్ళడానికీ వీల్లేకుండా ఆపి ఉంచిన గడ్డి. గడ్డి మీద ప్రేమతో చేసేదైతే ఇలా ఎందుకు ఉంటుంది?

కలుపు అనే జాబితా కూడా ఎప్పుడూ ఒకేలా లేదు. క్లోవర్ అనే మూడాకుల మొక్కని అమెరికాలో ఒకప్పుడు లాన్ విత్తనాల్లో కావాలనే కలిపేవాళ్ళు, నేలకి నత్రజని ఇస్తుందని. 1940ల్లో 2,4-డి అనే మందు వచ్చింది. అది వెడల్పాకు మొక్కలన్నిటినీ చంపుతుంది, క్లోవర్‌తో సహా. మందు క్లోవర్‌ని వదలదు కాబట్టి క్లోవర్ కలుపైపోయింది! మందుకి తగ్గట్టు శత్రువుని మార్చుకున్నారు. అన్నయ్య వాకిట్లో నేను పీకి పారేసిన వాటిలో ఫాక్స్‌టెయిల్ అనేది ఒకటి ఉండేది, పిల్లి తోకలా కంకి వేస్తుంది. అది మన కొర్రలకి అడవి పూర్వీకురాలని తర్వాత తెలిసింది. అంటే హైదరాబాద్‌లో ఆర్గానిక్ షాపులో డబ్బులు పోసి కొనుక్కునే కొర్రన్నం తాలూకు తాతమ్మని నేను నల్ల సంచిలో కట్టి వీధి చివర పెట్టాను. ఇంకోటి పర్స్‌లేన్, నేలకి అంటుకుని ఎర్రటి కాడలతో పాకుతుంది. అది గంగవాయిలి కూర! మా అమ్మ పప్పులో వేసేది. బెర్ముడా గ్రాస్ అని దక్షిణాది రాష్ట్రాల్లో మురిపెంగా పెంచేది మన గరికే. మిరప చేలో గరిక పడితే నాన్న నిద్రపోయేవాడు కాదు. అదే గరికని వినాయక చవితికి వెతుక్కుని తెచ్చేవాడు.

మన భాష మాత్రం తక్కువ తిందా! తృణీకరించడం అన్న మాట ఉంది. తృణంగా, అంటే గడ్డిపరకలా చూడటం. తృణధాన్యాలు అన్న మాటలో ఉన్నదీ అదే తృణం. మనల్ని తరతరాలుగా బతికించిన గింజలకీ, చులకన చేయడానికీ ఒకే వేరు. లాన్ ఈ రెండో అర్థాన్ని నేల మీద పరిచి చూపిస్తుంది.

ఇప్పుడు మా ఊరు. పోయిన జూన్‌లో కడియం నర్సరీల నుంచి కొరియన్ గడ్డి చాపలు చాపలుగా లారీలో దిగింది. అంతకుముందు ఆ అయిదు గుంటల్లో ఏమీ లేదని అన్నయ్య అంటాడు. ఏమీ లేకపోవడమంటే ఒక వేపచెట్టు, కంపచెట్లు, వాన పడితే మొలిచే నానారకాల గడ్డి, పక్కింటి వాళ్ళ మేకలు. నాన్న కర్ర పట్టుకుని వచ్చి గడ్డి చాపలు పరుస్తుంటే చాలాసేపు చూశాడు. "ఏందిరా ఇది, గేదె తింటదా?" అని అడిగాడు. తినకూడదు నాన్నా, మందు కొడతారు అన్నాను. "గేదె తినంది గడ్డెట్లా అయితది?" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ వైపు రాలేదు.

కలుపు తీయడానికి రోడ్డు అవతలి గూడెం నుంచి ఒక అక్క వస్తుంది, కోయామె. మొదటి రోజు ఆమె పీకినదాన్ని మూడు కుప్పలు పెట్టింది. ఒకటి గంగవాయిలి, పొన్నగంటి, గలిజేరు. దాన్ని కొంగులో మూట కట్టుకుంది. ఒకటి తుంగ, అందులోంచి కొన్ని గడ్డలు ఏరుకుంది, ఎందుకో చెప్పింది గానీ నాకు సరిగ్గా గుర్తులేదు, మందుకనుకుంటా. ఇంకోటి మేకకి. పని అయ్యాక మిగిలిన కొరియన్ గడ్డిని చూపించి, "మరి ఇది దేనికి తమ్ముడూ?" అంది. ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. నేను చూడ్డానికి అన్నాను. ఆమె తలెత్తి ఎదురుగా ఉన్న అడవి వైపు ఒకసారి చూసి, కొంగు బిగించుకుని వెళ్ళింది.

ఆమె చూసిన చూపు దగ్గరే నా కోపం అసలు మొదలైంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ వైపు అడవికి కూడా వసంతకాలం పని ఉంటుంది. తునికి పొదల్ని ఫిబ్రవరి, మార్చిలో నేలమట్టానికి కొట్టేస్తారు, నెలా నెలన్నరకి లేతాకు రావడానికి. ఆ ఆకు కోసి, యాభై ఆకులకి ఒక కట్ట కట్టి కల్లంలో అప్పజెబుతారు. ఇంటికి వేసవి డబ్బు అదే. ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. ఎండ ముదరకముందే ఏరాలి కాబట్టి చెట్టు కింద నేల ముందే శుభ్రం చేసి పెట్టుకుంటారు. కొన్నిచోట్ల ఆకుల్ని తగలబెడతారు, దాంతో అడవికి నిప్పు అంటుకుంటుందని అటవీశాఖ గొడవ. ఆ గొడవలో న్యాయం లేకపోలేదు, కాలిన అడవి నేనూ చూశాను. కానీ చూడండి, ఇక్కడా వసంతంలో కోత ఉంది, ఊడ్చిన నేల ఉంది, ఎప్పుడు ఏ పొద ఎంత కొయ్యాలో తెలిసిన జ్ఞానం ఉంది. మిన్నెసోటాలో ఫోర్సితియా పువ్వు చూసి మందు చల్లేవాణ్ణి జాగ్రత్తపరుడు అంటారు. ఇక్కడ ఇప్పచెట్టు కింద ఊడ్చే ఆమెని అడవి పాడుచేసే మనిషి అంటారు.

ఈ చూపు కొత్తది కాదు. భద్రాచలం వైపు 1956 దాకా మద్రాసు, ఆంధ్ర పాలనల్లో ఉంది. ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవిలో చెట్టు కొట్టడాన్నే కాదు, పశువుని మేపడాన్ని కూడా నేరం చేసింది. పశువు లేని పచ్చిక అనే ఆలోచన మన కొండల్లోకి లాన్ కంటే ముందే, చట్టం రూపంలో వచ్చిందన్నమాట. హైమండార్ఫ్ 1945లో పాపికొండల కొండరెడ్ల మీద అచ్చువేసిన పుస్తకం చదివితే పోడు ఒక పద్ధతి అని తెలుస్తుంది. బయటి నుంచి చూసేవాళ్ళకి మాత్రం అది గజిబిజి. తర్వాత సత్తుపల్లి, కొత్తగూడెం చుట్టూ వరసలు వరసలుగా జామాయిల్ వచ్చింది, కాగితపు మిల్లుల కోసం. 2015లో హరితహారం వచ్చాక పోడు చేల చుట్టూ కందకాలు, చేలల్లో మొక్కలు, పీకినవాళ్ళ మీద కేసులు. జిల్లా ఎడిషన్ చదివేవాళ్ళకి ఇది కొత్త వార్త కాదు. 2023లో ప్రభుత్వం నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చింది. మంచిదే. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఎప్పుడో అందాల్సినవి. పైనుంచి చూసే ఉపగ్రహానికి జామాయిలూ పచ్చే, ఇప్పచెట్టూ పచ్చే, మా అన్నయ్య కొరియన్ గడ్డీ పచ్చే. సామ, కొర్ర, కంది కలిపి చల్లిన పోడు చెలక ఏప్రిల్‌లో ఎర్రగా, ఎండిపోయి, బూడిద కొట్టుకుని ఉంటుంది. ఆ నెలలో ఫొటో తీస్తే నేరం రుజువైనట్టే.

పచ్చదనం అనే మాటని మన తరం ఎంత తేలిగ్గా వాడుతోందో! కవిత్వంలో కూడా. ఈ ప్రాంతపు అడవి ఏడాది పొడుగునా పచ్చగా ఉండే అడవి కాదు. ఆకురాల్చే అడవి. ఎండాకాలం ఎండిపోవడం దాని తెలివి. కొత్తగూడెం వైపు ఎండ నలభై అయిదు దాటే రోజుల్లో పచ్చగా ఉండాలని పట్టుబట్టేది మా వాకిలి ఒక్కటే. దానికి రోజుకి రెండుపూటలా నీళ్ళు. మే నెలలో బోరు గాలి పోసింది. మోటరు ఆపి, గంట ఆగి మళ్ళీ వేస్తే అరగంట నీళ్ళు వచ్చేవి. ఆ అరగంట ట్యాంకుకా, లాన్‌కా? నేను రెండుసార్లు లాన్‌కే పెట్టాను. అది చెప్పుకోవాలి. చాపలు ఎండిపోతే అన్నయ్య పెట్టిన డబ్బంతా పోతుందని భయం. ఆ రెండు రోజులూ అమ్మ పక్కింటి నుంచి బిందెలతో తెచ్చుకుంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

హైదరాబాద్ స్నేహితుడు ఇది చదివి రెండు మాటలన్నాడు. ఒకటి, చిన్న లాన్ చుట్టూ ఇంత రాజకీయం అవసరమా, మనసుకి హాయిగా ఉంటుంది కదా అని. హాయిగానే ఉంటుంది. మనసుకి హాయి కలిగించేది ఎలా ఉండాలో మనకి ఎవరు నేర్పారన్నదే నా ప్రశ్న. ఎత్తుపల్లాలు లేకుండా, ఒకే రంగులో, మనిషి గానీ మేక గానీ లేకుండా ఉంటేనే కన్ను చల్లబడుతోందంటే, ఆ కన్నుకి గూడెం ఎలా కనబడుతుంది? రెండో మాట, ఆదివాసుల్ని రొమాంటిసైజ్ చేస్తున్నావు అని. చేస్తున్నానేమో. అందుకే మా సంగతీ చెప్తాను. మా తాత ఈ ఊరికి మైదానం నుంచి పొగాకు వేసుకోవడానికి వచ్చాడు. మా ఊరు షెడ్యూల్డ్ ఏరియాలో లేదు కాబట్టి 1/70 చట్టం మాకు అడ్డు రాలేదు. రోడ్డు దాటితే వస్తుంది. ఆ రోడ్డు ఎవరు ఎక్కడ గీశారో, గీయకముందు ఈ అయిదు గుంటలు ఎవరివో మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ మాట్లాడలేదు. అన్నయ్య అన్నట్టు, అక్కడ ఏమీ లేదు.

పోయిన నవంబరులో ఒక రాత్రి అడవిపందులు వచ్చాయి. పొద్దున లేచి చూస్తే లాన్ దున్నినట్టుంది. తుంగగడ్డల కోసం మూతులతో మొత్తం తవ్విపోశాయి. (కాళిదాసు శాకుంతలంలో కూడా పందులు చేసేది ఇదే పని, ముస్తె తవ్వుకోవడం. పదిహేను వందల ఏళ్ళయినా అలవాటు మారలేదు.) నాన్న చాలా నెలల తర్వాత ఆ వైపు వచ్చి, గట్టు మీద కూర్చుని, చుట్ట వెలిగించి, "దేనికి పనికొస్తదో వాటికి తెలుసు" అన్నాడు. అన్నయ్యకి వీడియో చూపిస్తే సోలార్ కంచె వేయిద్దామన్నాడు. ఫోన్‌లో వాడి వెనక కిటికీలోంచి మొదటి మంచు కనబడుతోంది. వాడి గొంతులో ఉన్నది డబ్బు బాధ కాదు. ఆ మెట్ల మీద కూర్చున్న రోజు గొంతే అది. ఇక్కడెవరూ ఉత్తరం రాయరు అన్నయ్యా, ఇది మన ఊరు అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయినా బాగుండాలి కదరా" అన్నాడు.

కంచె ఇంకా వేయలేదు. లాన్ సగం మళ్ళీ పట్టుకుంది. పదిహేను రోజులకొకసారి మిషన్ పెట్టి కోసేది నేనే, బ్లేడు పదును కూడా నేనే పడతాను. చెయ్యి తిరిగిన పని కదా. మందు కొట్టడం మాత్రం ఆపేశాను. పందులు తవ్విన మూల, వేపచెట్టు కింద, గరికా గంగవాయిలీ దట్టంగా లేచాయి, పక్కింటి మేకలు అటే తిరుగుతున్నాయి. ఆదివారం రాత్రి అన్నయ్య వీడియో కాల్ చేస్తాడు. ఫోన్ ఆ మూలకి తిప్పను.